“అమ్మ కాల్‌లో ఉందా?” – ఉద్యోగం మానేయాలా అని అడిగిన ఒక తల్లికి

ముందు మీరు రాసింది నా మాటల్లో ఒకసారి చెప్తాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూసుకోండి. మీకు 34 ఏళ్లు. కొండాపూర్‌లో ఉంటారు, ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ లీడ్. వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతా మూడు రోజులు ఇంటి నుంచే పని. ఉదయం తొమ్మిదిన్నరకు కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేస్తారు. మళ్లీ ఏడున్నరకు అమెరికా వాళ్లతో కాల్, అది అయ్యేసరికి తొమ్మిది దాటుతుంది. మీ వారు బ్యాంకులో పనిచేస్తారు, ఎనిమిదికి గాని ఇల్లు చేరరు. అయిదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో అత్తగారు. ఆరు నెలలుగా తలనొప్పి, రాత్రి రెండింటికి మెలకువ, చిన్నదానికే బాబు మీద అరిచి తర్వాత బాత్రూమ్‌లో ఏడవడం. “ఇది డిప్రెషనా? నాకే చేతకావడం లేదా? ఉద్యోగం మానేస్తే తగ్గుతుందా?” అని అడిగారు. రాజీనామా మెయిల్ రాసి డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నానని చివర్లో ఒక వాక్యం.

ఇవన్నీ చదివి కూడా నేను ఆగిపోయింది మీరు మధ్యలో బ్రాకెట్లో పెట్టిన ముక్క దగ్గర. బాబు మీ గదిలోకి వచ్చే ముందు గుమ్మం దగ్గర నిలబడి “నాన్నమ్మా, అమ్మ కాల్‌లో ఉందా?” అని అడుగుతాడట. మొన్న ఆదివారం మీరు మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతుంటే కూడా అలాగే అడిగాడట. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

నేను 14 ఏళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేశాను. తర్వాత సైకాలజీ చదువుకుని 11 ఏళ్లుగా ఉద్యోగులకు కౌన్సెలింగ్ చేస్తున్నాను. అంటే మనుషుల్ని ఇలా అలసిపోయేలా చేసే చోట సగం జీవితం, అలసిపోయి వచ్చినవాళ్ల ఎదురుగా మిగతా సగం గడిపాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఆ మెయిల్ ఇప్పుడు పంపకండి. ఉద్యోగం గొప్పదని కాదు. మిమ్మల్ని బాధిస్తున్నది ఉద్యోగం మొత్తమా, అందులో ఒక గంటా, లేక ఇంట్లో పని పంచుకున్న తీరా అన్నది మీకింకా తేలలేదు. అది తేలకుండా మానేస్తే సగం బాధ ఇంట్లోనే మిగిలిపోతుంది, జీతం మాత్రం పోతుంది.

మొదట ఒంటి సంగతి చూడండి. తలనొప్పి, నీరసం, చిరాకు, నిద్ర చెడడం, అన్నిటినీ టెన్షన్ అని ఒకే గాటన కట్టేయకండి. ఈ వారంలోనే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్ చూపించుకోండి, బీపీ కొలిపించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దాని లక్షణాలూ ఇవే. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకామెతో మూడు నెలలు “ఆఫీసు ఒత్తిడి” గురించి మాట్లాడాను. చివరికి ఆమెకు థైరాయిడ్ అని తేలింది. అప్పటి నుంచి మొదటి రోజే రక్తపరీక్ష అడుగుతాను. సైకాలజిస్టుకు రక్తపరీక్షలతో పనేంటని కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక డిప్రెషన్. ఉత్తరం చూసి రోగం తేల్చేవాళ్లను నమ్మకండి, నాతో సహా. కానీ మీరు చూసుకోవలసిన గుర్తు ఒకటుంది. దిగులుగా ఉండటమో, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడమో, రెండు వారాలు, అంతకు మించి దాదాపు రోజూ, రోజులో ఎక్కువ సేపు ఉంటే ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్లాలి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అంతే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఉత్తరంలో మాత్రం నాకు కొంచెం ధైర్యమిచ్చిన మాట ఒకటుంది. దసరాకు విజయవాడలో చెల్లెలింట్లో నాలుగు రోజులు ఉంటే తలనొప్పి రాలేదని, తెల్లారేదాకా నిద్రపట్టిందని రాశారు. లాప్‌టాప్ హైదరాబాద్‌లోనే వదిలి వెళ్లారు కదా. మనిషితో పాటు ఊరు దాటి రాని బాధ చాలావరకు మనిషిలో ఉండదు, పరిస్థితిలో ఉంటుంది.

పనికీ ఇంటికీ మధ్య పడే ఈ పీకులాటను 1985లో జెఫ్రీ గ్రీన్‌హౌస్, నికొలస్ బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు రకాలుగా విడదీశారు. నలభై ఏళ్లయినా ఇప్పటికీ నాకు బాగా పనికొచ్చే విభజన అదే. మొదటిది టైముకు సంబంధించింది. ఒకే గంటను ఇద్దరు అడుగుతారు. ఏడున్నరకు కాల్, ఏడున్నరకే బాబు అన్నం. రెండోది ఒత్తిడికి సంబంధించింది. ఇక్కడ టైము ఉన్నా మనిషి ఉండదు, అక్కడి అలసట, కోపం ఇక్కడికి మోసుకొస్తాం. మూడోది పద్ధతికి సంబంధించింది. అక్కడ పనికొచ్చే తీరు ఇక్కడ పనికిరాదు. టెస్టింగ్‌లో తప్పు వెతకడం మీ వృత్తి. దాంతోనే జీతం పెరుగుతుంది. అదే చూపుతో ఇంటికొచ్చి, పాలు ఎందుకు ఒలికాయని అయిదేళ్ల పిల్లాణ్ణి రూట్ కాజ్ (అసలు కారణం) అడిగితే వాడేం చెప్తాడు?

జనం అంతా మొదటి రకం గురించే మాట్లాడతారు. టైము లేదు, టైము లేదు. నా అనుభవంలో ఒంటినీ మనసునూ ఎక్కువగా తినేది రెండోది. అది నాకు పుస్తకాల్లో కాదు, మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తెలిసింది.

2008 చివర. అమెరికాలో బ్యాంకులు కూలిన ఏడాది, ఇక్కడ కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న రోజులు. నేను పనిచేసే చోట ఆ రోజు పదకొండు మందిని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి “రేపటి నుంచి రానక్కర్లేదు” అని చెప్పే పని నాది. ఒకబ్బాయికి అంతకు ముందు వారమే హోమ్‌లోన్ వచ్చింది, ఆఫీసులో స్వీట్లు పంచాడు కూడా. సాయంత్రం అందరికంటే ముందే బయల్దేరి ఇంటికొచ్చాను. సెల్లార్‌లో కారు ఆపాను. దిగలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, లిఫ్ట్ వస్తూ పోతూ ఉన్న చప్పుడు వినిపిస్తోంది. పది నిమిషాలు కూర్చున్నాననుకున్నాను. వాచ్‌మన్ భార్య వచ్చి అద్దం మీద వేలితో కొట్టింది. “అమ్మా, ఒంట్లో బాగానే ఉందా? గంట నుంచి ఇట్లనే కూసున్నారు” అంది. పైకి వెళ్లాను. మా అమ్మాయి నాలుగో తరగతి. భిన్నాలు చేస్తోంది. ఒక లెక్క తప్పింది. నోట్‌బుక్ తీసి గోడకేసి కొట్టాను.

టైము లెక్క వేస్తే ఆ రోజు నేను మామూలు కంటే గంట ముందే ఇంట్లో ఉన్నాను. చాలా ఏళ్ల తర్వాత మా అమ్మాయిని అడిగితే నోట్‌బుక్ సంగతి దానికి గుర్తే లేదు. గుర్తున్నది వేరే. బాల్కనీలోంచి మా కారు లోపలికి రావడం చూసిందట. “అమ్మ వచ్చేసింది” అని తలుపు తీసి పట్టుకుని నిలబడిందట. ఎంతసేపటికీ లిఫ్ట్‌లోంచి నేను రాలేదట.

అత్త మీద కోపం దుత్త మీద అని మనవాళ్లు ఊరికే అనలేదు. (మీ అత్తగారిని ఇందులోకి లాగడం లేదు, మీ విషయంలో అత్త అంటే క్లయింటు.) పరిశోధకులు దీన్ని దగ్గర నుంచి చూశారు. రీనా రెపెట్టీ అనే సైకాలజిస్టు 1989లో వెలువరించిన అధ్యయనంలో విమానాల రాకపోకలను నియంత్రించే ఉద్యోగులను గమనించారు. బాగా రద్దీగా ఉన్న రోజుల్లో వాళ్లు ఇంటికొచ్చి ముడుచుకుపోయేవాళ్లు, భార్యతోనో భర్తతోనో మాటలు తగ్గిపోయేవి. 1997లో వచ్చిన మరో అధ్యయనంలో ఆవిడే ఉద్యోగాలు చేసే తల్లులను, డే కేర్‌లో పిల్లల్ని తీసుకోవడానికి వచ్చే ఆ కొద్ది నిమిషాల్లో చూశారు. పని ఎక్కువైన రోజుల్లో తల్లులు పిల్లలతో తక్కువ మాట్లాడారు, దగ్గరకు తీసుకోవడం తగ్గింది. చెడ్డ తల్లులు కారు వాళ్లు. గిన్నె ఖాళీ అయింది, అంతే. మీకు చేతకావడం లేదా అని అడిగారు కదా, ఆ ప్రశ్నకు నా జవాబు ఇది.

పిల్లల వైపు నుంచి కూడా ఒక మాట. ఎలెన్ గలిన్‌స్కీ అనే ఆవిడ అమెరికాలో వెయ్యి మందికి పైగా పిల్లల్ని ఒక ప్రశ్న అడిగారు. ఆ వివరాలు 1999లో వెలువరించారు. ప్రశ్న ఇది: మీ అమ్మానాన్నల ఉద్యోగం మీ మీద చూపే ప్రభావంలో ఒక్కటి మార్చగలిగితే ఏం కోరుకుంటారు అని. తల్లిదండ్రులేమో పిల్లలు “మాతో ఎక్కువసేపు ఉండండి” అంటారని ఊహించారు. పిల్లలు ఎక్కువగా కోరుకున్నది అమ్మానాన్నలు ఇంత అలసిపోకుండా, ఇంత టెన్షన్ పడకుండా ఉండాలని. మీ బాబు గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న కూడా అదే అని నాకనిపిస్తోంది. అమ్మ ఇంట్లో ఉందా అని కాదు వాడు అడిగేది. అది వాడికి కనబడుతూనే ఉంది. ఇప్పుడు దగ్గరకు వెళ్తే అమ్మ అందుతుందా అని.

ఇంటి నుంచి పని వచ్చాక మనకు సెల్లార్ కూడా పోయింది. గదిలో లాప్‌టాప్ మూసి వంటింట్లోకి ఆరు అడుగులు. ఆ ఆరు అడుగుల్లో టెస్టింగ్ లీడ్ అమ్మ కావాలి. ఒంటికి అది చేతకాదు. ఒత్తిడిలో పెరిగిన గుండె వేగం, బీపీ, కండరాల బిగువు పని ఆగగానే దిగవు. కాల్‌లో ఎవరో అన్న మాటను తలలో మళ్లీ మళ్లీ తిప్పుకుంటూ ఉంటే, శరీరం దృష్టిలో ఆ కాల్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. తొమ్మిదింబావుకు కాల్ అవుతుంది, పదికి పడక, మధ్యలో రేపటి టిఫిన్‌కు పిండి. దిగే టైమే లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి పెండింగ్ డిఫెక్ట్‌ల (సాఫ్ట్‌వేర్‌లో ఇంకా సరిచేయని తప్పుల) జాబితా గుర్తొస్తోందని రాశారు, అందులో వింతేం లేదు. ఇది ఏళ్ల తరబడి సాగితే వచ్చే నష్టం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క ఇచ్చాయి. వారానికి 35–40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీరు రాసిన ప్రకారం ఆఫీసు పనే వారానికి 50 గంటల దగ్గర ఉంది. ఇంటి పని ఈ లెక్కలోకి రాదు. ఆ గంటలు ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి.

నిజానికి ఒకరు లెక్కపెట్టారు. మన కేంద్ర గణాంక శాఖ 2019లో టైమ్ యూజ్ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. 2024లో మళ్లీ చేస్తే 289, 88. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోపు మగవాళ్లకు తొమ్మిది తగ్గింది. మిక్సీ, వాషింగ్ మెషీన్ ఇద్దరికీ సమానంగానే సాయపడుతున్నాయన్నమాట.

ఇక ఏం చేయాలో మాట్లాడుకుందాం. మీ వారంలో అన్నిటికంటే ఖరీదైన చోటు సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిదింబావు. బాబు అన్నం, కథ, పడక అన్నీ ఆ గంటా ముప్పావులోనే. ఇప్పుడు ఒక సంగతి గుర్తుచేస్తాను, మీకు తెలిసే ఉంటుంది కానీ తలనొప్పిలో తట్టి ఉండదు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి పెడతారు. తూర్పు తీరంలో వాళ్ల ఉదయం పది మనకు అప్పటిదాకా రాత్రి ఏడున్నర, ఆ రోజు నుంచి ఎనిమిదిన్నర. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. అంటే ఏమీ చేయకపోతే మీ కాల్ పది దాటాకే ముగుస్తుంది. ముందే సర్దుకుంటే మాత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా బాబుది అవుతుంది. హైదరాబాద్‌లో ఐటీ ఇళ్లలో నవంబర్‌లో గొడవలు పెరగడం నేను ఏటా చూస్తాను. జనం చలికాలం అనుకుంటారు.

మేనేజర్‌తో ఇప్పుడే మాట్లాడండి, కాల్ మారాక కాదు. “వర్క్ లైఫ్ బ్యాలెన్స్ లేదు” అని మాత్రం అనకండి. ఆ మాట వినగానే హెచ్‌ఆర్ వాళ్లు యోగా సెషన్ పెడతారు. ఒకప్పుడు నేనూ పెట్టాను, సిగ్గుపడుతున్నాను. అడిగేది చేతికందేలా ఉండాలి: “నవంబర్ నుంచి కాల్ ఎనిమిదిన్నరకు మారుతుంది. వారానికి అయిదు రోజులు నేను ఉండక్కర్లేదు. మంగళ, గురువారాలు నేను ఉంటాను. మిగతా మూడు రోజులు ఏడింటికల్లా పని అప్పగిస్తూ హ్యాండోవర్ నోట్ పంపిస్తాను, టీమ్‌లో వంతులవారీగా ఒకరు కూర్చుంటారు. ఆరు వారాలు చూద్దాం. ఏదైనా డిఫెక్ట్ జారిపోతే పాత పద్ధతికి వచ్చేద్దాం.” ఆరు వారాలు అన్న మాట ముఖ్యం. శాశ్వతంగా మార్చమంటే ఏ మేనేజరైనా భయపడతాడు, ట్రయల్ అంటే ఒప్పుకుంటాడు. వంతుల్లో పెళ్లికాని కుర్రాళ్ల మీదే భారం వేయకండి. వాళ్లకూ ఇళ్లున్నాయి, వాళ్లకూ తండ్రికి డయాలసిస్ ఉండొచ్చు.

ఇది ఊరికే చెప్పడం లేదు. అమెరికాలో ఒక పెద్ద కంపెనీ ఐటీ విభాగంలో ఎరిన్ కెల్లీ, ఫిలిస్ మోయెన్ బృందం చీటీలు తీసినట్టు కొన్ని టీమ్‌లను ఎంచుకుని మార్పు చేయించింది. ఎప్పుడు, ఎక్కడ పనిచేయాలో ఉద్యోగుల చేతికిచ్చారు. మేనేజర్లకు ఉద్యోగుల కుటుంబ సంగతులు పట్టించుకోవడం నేర్పారు. మిగతా టీమ్‌లు పాత పద్ధతిలోనే నడిచాయి. మార్చిన టీమ్‌లలో ఇంటికీ పనికీ మధ్య ఘర్షణ తగ్గింది. ఆ ఫలితాలు 2014లో వచ్చాయి. పని తగ్గించడం కంటే దాని మీద పట్టు ఇవ్వడం మీద వాళ్లు దృష్టి పెట్టారు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో కూడా బాగా నలిగిపోయినవాళ్లు ఎక్కువ గంటలు చేసేవాళ్లు కారు, ఫోను ఎప్పుడు మోగుతుందో తెలియనివాళ్లు. ఆర్టీసీలో నైట్ అవుట్ డ్యూటీకి వెళ్లే ఒక కండక్టర్ నాతో అన్నాడు, “వారంలో మూడు రాత్రులు ఇంట్లో ఉండను మేడమ్, కానీ ఏ మూడో తెలుసు.” ఆయన బాగానే నిద్రపోతాడు.

కాల్ లేని రోజుల్లో కూడా, ఉన్న రోజుల్లో మరీ ముఖ్యంగా, మీకు ఒక సెల్లార్ కావాలి. నాలాగా గంట కాదు, పది నిమిషాలు. లాప్‌టాప్ మూసే ముందు మిగిలిపోయిన పని ఒక కాగితం మీద రాయండి, అది రేపు ఎన్నింటికి మొదలుపెడతారో కూడా రాయండి. “డిఫెక్ట్ మూడు, రేపు పదకొండుకు, డెవలపర్‌ను అడగాలి” అన్నంత వివరంగా. అలా రాసిపెట్టిన పని రాత్రి రెండింటికి వచ్చి లేపడం తగ్గుతుంది. తర్వాత లాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టి బీరువాలో పెట్టండి. టేబుల్ మీద ఉంచొద్దు. కిందకు దిగి చెత్తబుట్ట వేసి అపార్ట్‌మెంట్ చుట్టూ రెండు రౌండ్లు నడిచి రండి, ఫోను ఇంట్లో వదిలేసి. సబీన్ జొన్నెన్‌టాగ్ అనే జర్మన్ పరిశోధకురాలు చాలా ఏళ్లుగా చెప్తున్నది ఇదే, పని నుంచి మనసు పూర్తిగా విడిపోతేనే అలసట తీరుతుంది. ఒళ్లు సోఫాలో, మనసు ఆఫీసు టీమ్స్ చాట్‌లో ఉంటే అది విశ్రాంతి కాదు.

మీ వారి సంగతి. “ఆయన సాయం చేస్తారు, అడిగితే” అని రాశారు. ఆ “అడిగితే” దగ్గరే ఉంది చిక్కు. యాలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో చూపించింది ఏమిటంటే, ఇంటి పనిలో కంటికి కనబడని భాగం ఒకటుంది. ముందే ఊహించడం, దారులు వెతకడం, నిర్ణయించడం, జరిగిందో లేదో కనిపెట్టి ఉండటం. నిర్ణయాలు ఇద్దరూ కలిసే తీసుకుంటారు. ఊహించడం, కనిపెట్టి ఉండటం ఎక్కువగా ఆడవాళ్ల నెత్తిన పడతాయి. రాత్రి తొమ్మిదిన్నరకు స్కూల్ వాట్సాప్ గ్రూపులో “రేపు యెల్లో డే, పిల్లలు పసుపు డ్రెస్‌లో రావాలి, ఒక పసుపు పండు తేవాలి” అని వస్తుంది. అది చూసేది మీరు. పసుపు చొక్కా పొట్టిదైపోయిందని తెలిసింది మీకు. మామిడిపళ్ల కాలం కాదు, అరటిపండు ఉందా అని ఫ్రిజ్ మీద బుట్ట చూసేది మీరు. ఆయన్ని అడిగితే పరిగెత్తుకెళ్లి అరటిపళ్లు తెస్తారు, అందులో సందేహం లేదు.

కాబట్టి పనులు పంచకండి, పని మొత్తం ఇచ్చేయండి. స్కూల్ అంతా ఆయనది. గ్రూపులోంచి మీరు బయటికి వచ్చేయండి. మొదటి నెలలో బాబు ఒకసారి యెల్లో డే నాడు నీలం చొక్కాతో వెళ్తాడు. వెళ్లనివ్వండి. అప్పుడు మీరు కల్పించుకుంటే ఆ పని జన్మలో మీ నుంచి పోదు. ఈ మాట ఆయనతో గొడవ మధ్యలో చెప్పొద్దు, బ్యాంకులో నెలాఖరు, మూడు నెలలకోసారి లెక్కలు మూసే రోజుల్లో అసలే వద్దు. ఆయనా ఒత్తిడి మోస్తూనే ఉన్నారు. భార్యాభర్తల మధ్య ఒకరి ఒత్తిడి ఇంకొకరికి అంటుకుంటుంది, జలుబులాగా. మగవాళ్లు నా దగ్గరకు “గ్యాస్ ట్రబుల్” అని వస్తారు. తీరిగ్గా మాట్లాడితే మీరు రాసినవే చెప్తారు.

అత్తగారి గురించి మీరు రెండే వాక్యాలు రాశారు, రెండూ ఫిర్యాదులే. వంటమనిషిని పెట్టనివ్వరని, “మేం ఇవన్నీ చేసుకోలేదా” అంటారని. సరే. కానీ 66 ఏళ్ల మనిషి మూడున్నరకు బాబును బస్సు దించుకుని, మోకాళ్ల నొప్పులతో రాత్రి దాకా చూస్తున్నారు. ఆవిడది కూడా ఉద్యోగమే, సెలవు లేనిది. వంటమనిషి అన్న పేరుతో వెళ్తే ఆవిడ వంటింటిని లాక్కున్నట్టు ఉంటుంది. కూరగాయలు తరిగి, చపాతీలు చేసి, గట్టు తుడిచి వెళ్లే మనిషిని సాయంత్రం గంటసేపు పెట్టుకోండి. తాలింపు ఆవిడదే. ఆదివారం మధ్యాహ్నం ఆవిడకు పూర్తి సెలవు. గుడికో, చెల్లెలింటికో, టీవీకో ఆవిడ ఇష్టం.

బాబుతో ఏం చేయాలన్నది చిన్న విషయం. తలుపుకు ఒక గుర్తు పెట్టండి. ఎర్ర రిబ్బన్ ఉంటే అమ్మ కాల్‌లో ఉంది, లేకపోతే లేదు. తీసే పని వాడిదే. కాల్ అయిపోగానే పిలిచి “రిబ్బన్ తీసెయ్” అనండి. వాడికి కావలసింది తెలియడం. ఎప్పుడు రావచ్చో ఊహించుకోవడం అయిదేళ్లవాడికి భారం. అరిచిన రోజు పడుకునే ముందు “అమ్మ తలనొప్పితో అరిచింది, నీ తప్పు లేదు” అని ఒక్క మాట చెప్పండి. బాత్రూమ్‌లో ఏడ్చి, కళ్లు కడుక్కుని వచ్చి నవ్వితే వాడికి ఏమీ అర్థం కాదు, తనవల్లే అనుకుంటాడు.

ఉద్యోగం మానేయడం గురించి చివరిగా. మానేసినవాళ్లను చాలామందిని చూశాను. కొందరికి అది నిజంగా మంచిదైంది. నెలల పిల్లలున్నవాళ్లు, మంచంపట్టిన తండ్రి ఉన్నవాళ్లు, రోజూ అవమానించే మేనేజర్ కింద ఉన్నవాళ్లు. నిజాంపేట నుంచి వచ్చే ఒకామె మాత్రం మానేసిన ఎనిమిది నెలలకు అదే తలనొప్పితో వచ్చింది. “ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నావుగా” అని మరిది పిల్లల హోంవర్క్, మామగారి ఆసుపత్రి, కరెంటు బిల్లు, అన్నీ ఆమెకే వచ్చాయి. పోయినవి రెండు: జీతం, మధ్యాహ్నం క్యాంటీన్‌లో నలుగురితో నవ్వుకునే అరగంట. ఉద్యోగం ఇంటి నుంచి తీసుకోవడమే కాదు, ఇంటికి తెచ్చేవి కూడా ఉంటాయి. మీరు టెస్టింగ్ గురించి రాసిన పేరాలో తలనొప్పి మాటే లేదు. రిలీజ్ ముందు రోజు ఎవరికీ దొరకని బగ్ పట్టుకున్న సంగతి రాశారు. ఆ పేరా మీరే ఒకసారి మళ్లీ చదువుకోండి.

ఆరు వారాల ట్రయల్‌కు మేనేజర్ ఒప్పుకోకపోతే వేరే టీమ్ అడగండి, అదీ కాకపోతే వేరే కంపెనీ చూడండి, అమెరికా క్లయింటు లేని పని వెతకండి. మీ నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో, ఇంటి ఈఎంఐ ఎంతో, ఒక్క జీతంతో ఎన్ని నెలలు నడుస్తుందో ఈ ఆదివారం మీ వారితో కూర్చుని కాగితం మీద వేసుకోండి. వెళ్లగలనని తెలిసిన మనిషి మేనేజర్ ముందు వేరేగా మాట్లాడుతుంది. డ్రాఫ్ట్స్‌లో ఉన్న ఆ మెయిల్ తీసేయమని నేననను. మార్చి రెండో ఆదివారం దాకా అక్కడే ఉండనివ్వండి. రక్తపరీక్షల రిపోర్టు వచ్చాక, నవంబర్ రెండో వారంలో కాల్ ఎన్నింటికి జరిగిందో, ఆ వారం రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో నాకు రాయండి.